ఏకు మేకైన చోట

"నిన్న మాపటేళ నుంచి కండ్లు తెరవలేదప్పా"
అంటూ కొంగుముడి విప్పి
ఫోన్ను గాజుబల్ల మీద పెట్టింది ఉరుకుందమ్మ.
రెండు రబ్బరు బ్యాండ్లు, అట్టకు అంటిన పత్తి నూగు.
ఆదోని పాత బస్టాండు వెనక నా కొట్టు,
ముగ్గురు నిలబడితే నిండిపోతుంది.
అయినా ఆమె గడపవతలే ఆగింది.

చెప్పింది తక్కువే.
యార్డులో తూకం చీటీకి ఫోటో తీసుకుందట.
దోవలో వాన పట్టుకుంటే
చీటీ పిండైంది, ఫోను మూగదైంది.
నాలుగింటికి మండీలో లెక్క.
"సేటు మూడు క్వింటాళ్ల పన్నెండు అంటాడు.
నేను సూసినప్పుడు అట్ల లేదు."

గడియారంలో రెండూ ఇరవై.

ముందు ఛార్జింగు నోట్లో సూది పెట్టినాను.
దూది వచ్చింది.
ఇంకొంచెం. ఇంకా.
ఈ ఊళ్లో ఏ ఫోను నోరు తెరిచినా ఇంతే,
జిన్నింగు మిల్లులు వదిలిన ఊపిరి
అందరి జేబుల్లోకీ చేరుతుంది.

మా జేజినాయన దూదేకేవాడు.
విల్లు భుజానేసుకొని కౌతాళం దాకా నడిచేవాడట.
నారి మీటితే తుంయ్ తుంయ్‌మని
పరుపులో పదేళ్ల నిద్ర లేచి గాల్లో తేలేదట.
విల్లు నా దాకా రాలేదు.
తడి దూదిని తెగకుండా లాగడం మాత్రం
ఎవరూ నేర్పకుండానే వేళ్లకు వచ్చింది.

కొత్త వైరు పెట్టినా ఉలకలేదు. విప్పినాను.
బ్యాటరీలో మూడు పాయింట్ తొమ్మిది వోల్టులు,
పాపం, దాని తప్పేం లేదు.
దాన్ని పక్కన పెట్టి
బోర్డుకు నా సప్లై తగిలిస్తే
బటన్ నొక్కకముందే ముల్లు ఎగిరి కూర్చుంది.
అడక్కముందే అరిచే ఇంట్లో
ఏదో దాస్తున్నారనే లెక్క.
మీటరు తాకించినాను. కుయ్యిమంది, ఆగలేదు.
కరెంటు దారి తప్పి
తిన్నగా నేలకు పోతా ఉంది.

యాడ?
చీమతలంత పెట్టెలు, ఒకే వరుస మీద డజన్లకొద్దీ.
ఒకటి చెడితే అన్నీ చెడినట్టే మోగుతాయి.

మౌలాలన్న నేర్పిన ఉపాయం ఒకటుంది.
ఐరన్ కొనను గుగ్గిలానికి తాకించి
ఆ పొగ బోర్డుకు పట్టించాలి.
పట్టించినాను. తెల్లగా నూగు దిగింది.
ఎప్పుడు లోపలికొచ్చిందో,
నా భుజం మీదుగా ఉరుకుందమ్మ
"తీతకొచ్చిన చేనులాగుందే" అంది.

నాలుగు వోల్టులు, నెమ్మదిగా.
ఇద్దరం ఊపిరి బిగబట్టినాం,
అవసరమేం లేదు, ఊరికే.
ఒక్క చోట తెలుపు కరిగింది.
నువ్వుగింజలో సగం. గోధుమరంగు.
ఏకై వచ్చి మేకైందంటారే,
అది.

వేడిగాలి పట్టి పట్కారుతో ఎత్తేసినాను.
"దాని చోట ఇంకోటి ఎయ్యవా?"
"అక్కర్లేదమ్మా, అది లేకున్నా నడుస్తాది."
ఆమెకు నచ్చలేదు.
ఖాళీ చోటునే చూస్తా ఉండింది.
"మిల్లులో నన్ను తీసేసినప్పుడూ
ఇట్లే అన్న్యారు."
నాకు మాట తోచక
మళ్లీ మీటరు తాకించినాను. ఈసారి మోగలేదు.

బటన్ నొక్కితే
ముల్లు లేచింది, తగ్గింది, తడబడి మళ్లీ లేచింది.
తెర వెలగకముందే నాకు తెలిసిపోయింది,
ఆమెకు చెప్పలేదు,
తనే చూసుకోనీ అని.

ఫోటో వంకరగా ఉంది, ఒక మూల బొటనవేలు.
"మూడు నలభై రెండు."
మూడుసార్లు చదివించుకుంది.
"నీ ఫోన్లోకీ ఒకటి ఎక్కించుకోప్పా,
నాది మళ్లీ సచ్చిందంటే?"
డబ్బులు లెక్కయినాక ఇస్తానంది.
మూడూ పదికి రోడ్డు దాటింది,
ఫోన్ను ఈసారి ముడేయలేదు,
చేతిలోనే పట్టుకొని.

ఆరు దాటింది. వీధికంతా కరెంటు పోయింది.
మండీలో ఏమైందో తెలియదు.
ముప్పై కిలోలు నా ఫోన్లో భద్రంగా ఉన్నాయి.
సూదితో తీసిన దూది ఆరినట్టుంది,
చీకట్లో వేళ్లు దాన్ని ఏకుగా చుట్టేసినాయి.
ఆమె చేనుదో, మిల్లుదో.
ఏ కాటా మీద పెట్టినా
ముల్లు కదలదు.